ఒక్క అడుగు, రెండు గుర్తులు

ఇటుక బట్టీలో బరువులు లాగే ఎద్దులు, గాడిదలు కలిసి సంఘం పెట్టుకున్నాయి. మిట్టమధ్యాహ్నం కాసేపు విశ్రాంతి ఇమ్మని యజమానిని అడగడానికి ఒక నాయకుడు కావాలి. గాడిద సింగారి, ఎద్దు బసవడు పోటీకి నిలిచాయి. ఎన్నిక జరిపే పని కొంగకు అప్పగించాయి.

"తలా ఒక తడిమట్టి పలక ఇస్తాను. సింగారి కావాలంటే ఎడమవైపు, బసవడు కావాలంటే కుడివైపు డెక్కతో గుర్తు వేయండి. రెండు గుర్తులుంటే ఓటు చెల్లదు" అని కొంగ చెప్పింది.

తీరా లెక్క చూస్తే ఎద్దుల ఓట్లన్నీ చెల్లకుండా పోయాయి. సింగారి గెలిచిందని కొంగ ప్రకటించింది.

"నేను కాలు మోపింది ఒక్కసారే" అంది ఓ ముసలి ఎద్దు. "నా డెక్క చీలి ఉంటుంది కాబట్టి గుర్తులు రెండు పడ్డాయి. అందులో నా తప్పేముంది?"

"ముందే చెప్పారుగా" అన్నాయి గాడిదలు. ఎద్దులు సంఘం వదిలి వెళ్లిపోవడానికి లేచాయి.

సింగారి వంగి ముసలి ఎద్దు పలక చూసింది. "ఈ నియమం గాడిద కాలును చూసి పెట్టినట్టుంది. కొంగబావా, రెండు గుర్తులూ ఒకే వైపు ఉన్నాయి. ఓటు ఎవరికో తెలియడం లేదా?"

కొంగ పలక మీదికి మెడ వంచి చూసింది. "తెలుస్తోంది. నేను చూడాల్సింది ఏ వైపు వేశారన్నదే. మళ్లీ లెక్కపెడతాను."

ఈసారి బసవడు గెలిచాడు.

"గెలిచింది చేజేతులా వదులుకున్నావు" అని ఒక గాడిద గొణిగింది.

"ఎద్దులు వెళ్లిపోతే నేను ఎవరి తరఫున అడగాలి?" అంది సింగారి.

మర్నాడు ఎండ నడినెత్తికి రాగానే బసవడు బండి ఆపాడు. అతని పక్కన మొదట ఆగింది సింగారి. తర్వాత గాడిదలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. యజమాని గొడుగు వేసుకుని, వాటితో మాట్లాడటానికి బయటికి వచ్చాడు.