మెట్లెక్కిన నీలిపిడుగు

"ఆగిపోయావేం? చదువు," అన్నాడు కేదార్.

భానుశ్రీ గొంతు సవరించుకుంది. 'నీలిపిడుగు' ఆఖరి సంచిక ఆమె ఒళ్లో తెరిచి ఉంది. అన్నయ్య మంచం మీద గోడకు చేరగిలబడి, ఆమె వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. అమీర్‌పేటలో జావా నేర్చుకుని, ఉద్యోగం చేతికొచ్చిన వారంలోనే బైకు ప్రమాదంలో అతని కళ్లు పోయాయి. ఇప్పుడు అదే అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో భానుశ్రీ పనిచేస్తోంది. నెలనెలా పంజగుట్టలో ఈ కామిక్స్ కొనుక్కొచ్చి, బొమ్మల్ని కూడా మాటల్లో పెట్టి అన్నయ్యకు చదివి వినిపిస్తుంది.

ఈసారి మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఊరంతటికీ కాపలా కాసిన నీలిపిడుగుకు ఉన్నట్టుండి శక్తులు పోతాయట. శత్రువుతో పోరాటమే లేదు. ముసుగు తీసి పారేసి సముద్రంలోకి నడిచి వెళ్లిపోతాడు. చివరి బొమ్మ ఖాళీ తీరం. దాని కింద ఒకే వాక్యం: 'అతను లేని లోటు ఎవరికీ తెలియలేదు.' రాసినవాడెవడో, కనీసం పేరైనా వేసుకోలేదు.

ఈ మాట అన్నయ్యకు ఎలా చదివి వినిపించడం? పొద్దున్నే కింది వాటా మంగవ్వ ఆమెను మెట్ల దగ్గర ఆపింది. "బిడ్డా, నువ్వు డ్యూటీకి పోయినంక మీ అన్న తలుపేసుకొని ఒక్కడే మాట్లాడుకుంటుండు. రోజూ గదే. నాకైతే భయమైతుంది. జర చూసుకో."

భానుశ్రీ పేజీ తిప్పి, అందులో లేనిది చదవడం మొదలుపెట్టింది.

"నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. అప్పుడు వెనక నుంచి కేకలు వినిపించాయి. ఒక హాస్టల్ అంటుకుంది. పై అంతస్తులో ఒక పిల్ల చిక్కుకుపోయింది."

కేదార్ కనుబొమలు ముడిపడ్డాయి. "అలా ఉందా?"

"ఉంది. బొమ్మ కూడా వేశారు. అంతా పొగ."

"వాడికి శక్తులు పోయాయిగా? ఎలా ఎగురుతాడు?"

"ఎగరలేదు," అంది భానుశ్రీ. ఆ తర్వాత తోచిందే అనేసింది. "మెట్లెక్కి వెళ్లాడు."

కేదార్ గోడ వదిలి ముందుకు వంగాడు. తర్వాత మెల్లగా, "ఊఁ, చెప్పు," అన్నాడు.

"పిల్లను భుజాన వేసుకుని దిగాడు. ముసుగు లేదు కదా, జనం గుర్తుపట్టలేదు. ఆ పిల్ల మాత్రం అతని చెయ్యి వదల్లేదు."

"ఆఖరి వాక్యం ఏంటి?"

అచ్చులో ఉన్నదాని మీద ఆమె అరచెయ్యి పెట్టింది. "'మర్నాడు మళ్లీ ఎవరో పిలిచారు.'"

"ఇంకోసారి చదువు."

గుర్తున్నంత వరకు మళ్లీ చెప్పింది.

"ఇందాక చెయ్యి అన్నావు, ఇప్పుడు చొక్కా అంటున్నావు."

"చెయ్యేలే. అచ్చు అలుక్కుపోయింది."

కేదార్ పకపకా నవ్వాడు. అన్నయ్య నవ్వు ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి చాలాకాలమైంది. అయినా ఆ సంతోషం కాసేపైనా నిలవలేదు. తన కళ్లనే నమ్ముకున్న మనిషిని ఆ కళ్లతోనే మోసం చేసింది. మంచిదో చెడ్డదో, ఎవరో కష్టపడి రాసుకున్న కథను చెరిపేసింది.

ఆ తర్వాత కేదార్ మారాడు. అడిగి గడ్డం గీయించుకున్నాడు. "మీ అన్న గోడ పట్టుకొని దిగొచ్చిండు! నాతోని చాయ్ సుత తాగిండు!" అని మంగవ్వ సంబరపడింది. అతను ఒక్కో అడుగు ముందుకేస్తుంటే భానుశ్రీకి లోపల ఒక్కో ముల్లు గుచ్చుకుంటోంది. ఈ అడుగులన్నీ తన అబద్ధం మీదే పడుతున్నాయి.

ఒకరోజు అతను, "పంజగుట్టలో ఆ కామిక్స్ ఆఫీసుకు నన్ను తీసుకెళ్లు. ఎడిటర్‌తో మాట్లాడాలి," అన్నాడు.

"సిరీస్ అయిపోయిందిగా అన్నయ్యా, ఇంకెందుకు?"

"అందుకే."

బల్కంపేట బోనాల రద్దీ అని ఒకసారి, సెలవు దొరకలేదని మరోసారి తప్పించుకుంది. ఇక కుదరలేదు. ఆటోలో కూర్చున్నాక నిజం చెప్పేయాలని దారిపొడవునా అనుకుంది. అంతలోనే ఆఫీసు వచ్చేసింది.

"నువ్వు బయటే ఉండు భానూ. నేనొక్కణ్ణే మాట్లాడతా," అని కేదార్ ఎడిటర్ హనుమత్ప్రసాద్ గదిలోకి వెళ్లాడు. ఆమె బయట బల్ల మీద కూర్చుంది. లోపలి మాటలు అర్థం కావడం లేదు. అన్నయ్య గొంతు వినిపించింది, తర్వాత ఎడిటర్ గొంతు. అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంది.

తలుపు తీసుకుని కేదార్ వచ్చాడు. "నిన్ను రమ్మంటున్నారు," అని తడుముకుంటూ బల్ల మీద కూర్చున్నాడు. అతని ముఖంలోకి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

లోపల టేబుల్ మీద ఖాళీ తీరం బొమ్మ తెరిచి ఉంది.

"ఇందులో హాస్టల్ లేదమ్మా," అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

భానుశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పే సార్. ఆ ఆఖరి వాక్యం మా అన్నయ్యకు చదవలేకపోయాను. ఆయనకు చెప్పేశారా?"

"నేనేమీ చెప్పలేదు. మెట్లెక్కి వెళ్లాడని కేదార్ గారే చెప్పారు. బాగుందమ్మా." ఆయన కళ్లజోడు తీశారు. "మా పాత రచయిత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్లిపోయారు. ఈ ఆఖరిది వేరే ఆయన కేసెట్లలో చెప్తే, మా కుర్రాడు వెళ్లి తెచ్చాడు. ఇలా ముగించొద్దని ఫోన్‌లో బతిమాలాను, వినలేదు. ఇప్పుడు మళ్లీ మొదలుపెడతానంటున్నారు, మీ మెట్ల దగ్గర్నుంచి."

"అంటే నేను మార్చింది ఆయనకు తెలిసిపోయిందా?" ఆమె చేతులు జోడించింది. "కోపంగా ఉన్నారేమో సార్. నన్ను క్షమించమని నా తరఫున మీరు అడగండి."

హనుమత్ప్రసాద్ గారు తలుపు వైపు చూశారు.

"మీరే అడగండమ్మా, బయట బల్ల మీదే కూర్చున్నారు."