గురమ్మకు పిచ్చంట

నెలకోసారి గురమ్మ పెద్దాసుపత్రిలో ఆరో నంబరు గదికి వెళుతుందన్న సంగతి దీవిలోని డిగ్నాబాద్ పేటలో తెలియనివాళ్ళు లేరు. అది పిచ్చి డాక్టరు గది. ఇంకేం కావాలి నోళ్ళకి!

గురమ్మ మొగుడు అసిరయ్యతో కలిసి చేపల వేటకెళ్ళిన అతని తమ్ముడు జోగులు బోటు మీంచి సముద్రంలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో నిద్ర లేదు, ముద్ద దిగదు.

"పాపం అసిరయ్య! తమ్ముడు పోయిన దుఃఖం దిగమింగుకుని, కట్టుకున్న పాపానికి పెళ్ళాన్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పుతున్నాడు," అంటారు జనం. నిజమే, ప్రతిసారీ వెంట వెళ్ళేది అతనే.

గురమ్మకి బాల్వాడీలో ఆయా పని పోయింది.

"బురా మత్ మాన్నా దీదీ, ఏమీ అనుకోకు. చిన్నపిల్లలతో వ్యవహారం కదా," అంది టీచరమ్మ.

పన్నెండేళ్ళు ఆ పిల్లల ముక్కులు తుడిచిన మనిషి! చీపురు మూలన పెట్టి వచ్చేసింది. చూసినవాళ్ళకే కడుపు మండింది.

జంగ్లీఘాట్ జెట్టీలో, బోటు నడిపే తండేలు ధనరాజు అసిరయ్య వీపు తట్టాడు.

"నయంరా, ఆడదానికొచ్చింది. నీకే వొచ్చుంటే బోటెక్కనిత్తానేటి? దిమాగ్ ఖరాబైనోడ్ని పక్కనెట్టుకుని నడిసంద్రంలో వల లాగుతామేటి!"

అసిరయ్య నవ్వాడు. వల భుజానికెత్తుకుని బోటెక్కాడు.

ఈ నెల డాక్టర్ సౌమ్య కుర్చీ దగ్గరకు జరుపుకుని అడిగింది.

"నిద్ర పడుతోందా గురమ్మా?"

గురమ్మ వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మొగుడి వైపు చూసింది.

"నేదమ్మా. కన్ను మూత్తే పట్టుకున్న సెయ్యి జారిపోతన్నట్టుంటాది."

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

గురమ్మ మళ్ళీ వెనక్కి చూసింది. అసిరయ్య తల దించుకున్నాడు.

గురమ్మ డాక్టరు వైపు తిరిగింది.

"అనిపిత్తందమ్మా," అంటూ భోరున ఏడ్చింది.

డాక్టరు లేచి ఆమె భుజం నిమిరింది. మందులు మార్చి రాసింది.

"ఒక్క పూట కూడా మానకూడదు," అని అసిరయ్యకి గట్టిగా చెప్పింది. "భయ్యా, ఒంటరిగా వదలొద్దు."

అతను తలూపాడు.

ఇంటికొచ్చాక గురమ్మ తలుపు గడియ పెట్టింది. కిటికీ కూడా మూసింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

తన పేరు రాసున్న కవరులోంచి మాత్ర తీసి, మొగుడి నోట్లో వేసింది.