నల్లా కాడ నంబరు

బాలనర్సయ్యకు మెలకువ వచ్చేసరికి పక్కన వజ్రమ్మ లేదు. ఇంకా తెల్లవారలేదు. గోవా పోయే ఓడ డెక్కు మీద జనమంతా ముసుగుతన్ని నిద్రపోతున్నారు.

ఆమె మూలనున్న నల్లా ముందు గొంతుక్కూర్చుని కనిపించింది. నల్లా కింద ఇంటి నుంచి తెచ్చిన బకెట్టు.

"ఈడేం జేస్తున్నవే?"

"నంబరు పెట్టిన. మనదే మొదటిది" అంది ఆవులిస్తూ.

బాలనర్సయ్యకు ఒళ్లు మండింది. సరదాకు తెరచాప పడవలు నడిపే సాబులు ఏటా చలికాలంలో ఓడలో గోవా పోయి, రైల్లో తిరిగొస్తారు. వాళ్ల పడవలు గీకి రంగులేసే బాలనర్సయ్యకు ఈసారి ఒక సాబు రెండు టికెట్లు కొనిచ్చాడు. సముద్రం మీద తెల్లవారడం నీ భార్యకు చూపించమన్నాడు.

"ఇది మనముండే కామాఠిపురా చాల్ కాదే! ఆడి లెక్క చీకటితోని వచ్చి తెల్లారంగనే బంద్ కాదు. ఈ నల్లా ఎప్పుడు తిప్పినా వస్తది."

వజ్రమ్మ నమ్మలేదు. తిప్పింది. నీళ్లు దూకాయి. కట్టేసి, మళ్లీ తిప్పి చూసింది.

"పొద్దెక్కినంక గూడ వస్తయా?"

"వస్తయ్."

ఆమె ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చి దుప్పటి పరుచుకుని పడుకుంది.

"పండుకుంటవేందే? పొద్దు పొడుస్తది, చూడవా?"

"పెండ్లయిన కాడికెల్లి రోజూ చూస్తనే ఉన్న గదయ్యా, బిందెలు పట్టుకోని. ఇయ్యాలన్న పండుకోనీ."

కాసేపటికి ఒడ్డున కొండల మీదికి సూర్యుడు వచ్చాడు. వజ్రమ్మ మొహాన ఎండ పడకుండా, బాలనర్సయ్య అటు వీపు పెట్టి కూర్చున్నాడు.