మడత కుర్చీ

ఆ మడత కుర్చీని చూస్తేనే ప్రోకిప్‌కి ఒళ్లు మండేది.

ఇరవై రెండేళ్లుగా అతను కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. తూర్పు ఉక్రెయిన్‌లో రెండు సైన్యాల మధ్య చిక్కుకున్న నీళ్ల స్టేషన్‌కి కరెంటు లైను తెగినప్పుడల్లా అతని ముఠాయే వెళ్లి కలపాలి. లేకపోతే అటూ ఇటూ ఊళ్లలో కుళాయిలు ఎండిపోతాయి.

వాళ్లతో ఇల్మారి వస్తాడు. యుద్ధ నియమాలు చూసుకునే జెనీవా ఆఫీసు పంపిన ఫిన్లాండ్ పెద్దాయన. చేతిలో తుపాకీ ఉండదు, పనిముట్టూ ఉండదు. లైను పక్కనున్న పొలం మధ్యకి నడిచివెళ్లి, కుర్చీ వేసుకుని, పనయ్యేదాకా కూర్చుంటాడు.

"దొరగారు ఎండ కాగుతున్నారు," అన్నాడు ప్రోకిప్ స్తంభం మీంచి.

"నీళ్ల స్టేషన్‌ని కాల్చకూడదని చట్టం ఉందట. ఆయన దాని తాలూకు మనిషి," అన్నాడు కింద తాడు పట్టుకున్న లెవ్కో.

"ఫిరంగి గుండుకి చదువొచ్చేంట్రా?"

నిజానికి అతనిది కోపం కాదు, కుళ్లు. స్టేషన్‌లో పంపులు నడిపే హలీనా చెర్రీలు పెట్టి వరేనికి కుడుములు ఉడికిస్తే, మూడేళ్లుగా మొదటి గిన్నె ప్రోకిప్‌దే. ఇప్పుడది పొలంలో ఇల్మారి దగ్గరికి వెళ్తోంది. ప్రోకిప్ వంతుకి వచ్చేసరికి చల్లారిపోతున్నాయి.

ఫిబ్రవరిలో మళ్లీ లైను తెగింది. బయల్దేరే ముందు ప్రోకిప్ వ్యాన్‌లోంచి కుర్చీ తీసి షెడ్డులో దాచేశాడు.

పొలం దగ్గర ఇల్మారి వ్యానంతా వెతికాడు.

"నా కుర్చీ చూశావా?"

"లేదు దొరా. ఇవాళ్టికి మాలాగే నిలబడండి."

ఇల్మారి గడియారం చూసుకున్నాడు. నడిచివెళ్లి, రోజూ కుర్చీ వేసే చోటే మంచు మీద చతికిలబడ్డాడు.

గంటసేపు స్టేషన్‌లోంచి చూసి హలీనా ఆయన దగ్గరికి వెళ్లింది.

"లోపలికి రండి, పొయ్యి వెలుగుతోంది."

"పనయ్యాక వస్తానమ్మా."

ఆమె తన శాలువా తీసి ఆయనకి కప్పింది. పైనుంచి అది చూసిన ప్రోకిప్ బిగించిన బోల్టుల్ని కావాలనే విప్పి మళ్లీ బిగించాడు. రెండు గంటల పని నాలుగు గంటలు సాగింది.

పది రోజులు తిరక్కుండా ఇల్మారి న్యుమోనియాతో పోయాడు.

మార్చిలో ఇంకోసారి లైను తెగింది. జెనీవా ఆఫీసు నుంచి ఈసారి ఒకావిడ వచ్చింది.

"మా కొత్త మనిషి ఇంకా రాలేదు. ఇవాళ మీలో ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది.

"ఎక్కడ?" అన్నాడు ప్రోకిప్.

"మీకు తెలియదు కదూ. చెబితే స్తంభం మీద మీ చేతులు వణుకుతాయని ఆయనే చెప్పనివ్వలేదు."

రెండు సైన్యాల సంతకాలున్న కాయితం అతని చేతికిచ్చింది.

ప్రోకిప్ చదివాడు. షెడ్డులోకి వెళ్లి కుర్చీ తెచ్చుకున్నాడు.

మరమ్మతు జరిగినంతసేపూ ఆయుధం లేని మనిషొకడు రెండు వైపుల ఫిరంగులకూ ఎదురుగా పొలం మధ్యలో కూర్చుని ఉంటాడనీ, అతను లేచేదాకా ఎవరూ కాల్చకూడదనీ, ఆ మనిషి తానేననీ ఇల్మారి అందులో తన చేత్తో రాసి ఉంచాడు.