పడమటి గట్టు

ఉగాది పోయి వారం కాలేదు, అప్పుడే ఎండ దంచుతోంది.

మంజీర వైపు నుంచి పడమటి గాలి పగలంతా ఆగకుండా వీస్తోంది. నర్సన్న చెరకు ఇంకా చేనులోనే ఉంది. ఆకు చేత్తో పట్టుకుంటే పొడి అవుతోంది. నరకడానికి కటింగ్ ఆర్డర్ రేపో ఎల్లుండో వస్తుందని బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెప్పారు. అంతవరకు చెరకు దక్కితే చాలని అతను ఇల్లు వదిలి చేను దగ్గరే ఉంటున్నాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె తుంచుతూ భార్య బాలవ్వ చెయ్యి ఆపింది.

"పడుమటి గట్టు మీద ఎవడో ఉన్నడు. సూడు."

ఒక ముసలాయన. ఒక చేతిలో మండుతున్న ఎండాకు, ఇంకో చేతిలో తడి గోనెసంచి. గట్టు మీది ఎండుగడ్డికి నిప్పు అంటిస్తూ నడుస్తున్నాడు.

నర్సన్న పరుగెత్తి అతని చెయ్యి పట్టుకున్నాడు. పక్క చేను లింబయ్య కూడా ఉరికి వచ్చాడు.

"ఏ టోళివిరా నువ్వు?" అన్నాడు లింబయ్య.

చెరకు నరికే టోళీలు మహారాష్ట్ర నుంచి వచ్చి దిగి ఉన్నాయి. ఆకు కాలిపోతే వాళ్లకు నరకడం సులువు.

"టోళి కాదన్న. ఇడ్సిపెట్టు. అవుతల చేను అంటుకున్నది. గాలి ఇటే ఉన్నది." మాటలో మరాఠీ యాస.

నర్సన్న పడమటికి చూశాడు. పొగ ఉంది. కానీ నరికిన చేలల్లో అందరూ ఆకు కాలుస్తూనే ఉంటారు. ఈ దినాల్లో పొగ లేనిదెప్పుడు?

"మంట ఆపెటోడు అగ్గి పెడ్తడా?" అన్నాడు లింబయ్య. "మా శెవుల పువ్వు పెడ్తున్నవా?"

"గడ్డి లేకుంటె మంట గీడనే ఆగుతది. ఇంకా సగం గట్టున్నది. పోనియ్యి."

"నువ్వెవ్వనివో చెప్పు ముందు."

"నేనెవలైతేంది? గట్టు సూడు."

లింబయ్య ఒక్కటి చరిచాడు. ముసలాయన తలపాగా జారింది.

నర్సన్న అతని చేతిలోని గోనెసంచి వైపు చూశాడు. చేను తగలబెట్టేవాడికి తడి సంచి ఎందుకు?

లింబయ్య నర్సన్న చెవి దగ్గర అన్నాడు: "కాలిన చెరకును ఫ్యాక్టరీ ముందుగాల తీసుకుంటది. నర్సన్ననే వరస తప్పించెతందుకు అంటువెట్టించిండు అంటది ఊరు. ఆలోచించు."

అది తగలవలసిన చోట తగిలింది. ఇద్దరూ ముసలాయనను ఎడ్లబండి చక్రానికి కట్టేశారు. వేపకొమ్మలతో గట్టు మీది మంట కొట్టి ఆర్పేశారు.

బాలవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగు బాపు."

"నాకొద్దు బిడ్డా. ఆ సంచి మీద పొయ్యి. ఆరిపోతున్నది."

ఆమెకు అర్థం కాలేదు. అయినా పోసింది.

కాసేపటికి ఎండ మసకబారింది. బాలవ్వ కొంగు మీద నల్లటి ఆకు తునక వాలింది. తర్వాత చప్పుడు వినిపించింది, వాన వస్తున్నట్టు.

గట్టుకు పడమట, నరికేసిన చేనులో పరుచుకున్న ఎండాకు మీదుగా మంట పరుగెత్తుకొచ్చింది. ముసలాయన కాల్చిన మేర గట్టు దగ్గరకు వచ్చి, తినడానికేమీ లేక కూలబడింది. వాళ్లు ఆర్పిన మేర మాత్రం గడ్డి పట్టుకుని చెరకులోకి దూరింది.

ఎవరినీ అడగకుండా బాలవ్వ తాడు విప్పింది. ముసలాయన సంచి అందుకుని మంటకు ఎదురు పోయాడు. నలుగురూ కలిసి కొట్టారు. నర్సన్న చెరకులో ఒక మూల కాలిపోయింది. మిగతాది నిలిచింది. దాని వెనకనున్న లింబయ్య చెరకు జోలికి మంట రానేలేదు.

ఊపిరి పీల్చుకుని చూసేసరికి ముసలాయన లేడు.

మర్నాడు పొద్దున్నే నర్సన్న, లింబయ్య టోళీల గుడిసెల దగ్గరికి పోయారు. "అసుంటి మనిషి మా దాంట్ల లేడు" అన్నాడు వాళ్ల పెద్ద, ముకద్దం.

ఇద్దరూ మసి తొక్కుకుంటూ పడమటికి నడిచారు. మంట మొదలైన చేనులో, కరెంటు స్తంభం కింద, ఆ భూమి ఆసామి దేవిదాస్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"గీన్నే అంటుకున్నది," అన్నాడు దేవిదాస్. "గాలికి తీగెలు కొట్టుకొని నిప్పులు రాలినయి. ఒక్క చెరకు గెడ కూడ మిగల్లేదు."

"అన్నా, ఒక ముసలాయన, మరాఠీ మాట..." అన్నాడు నర్సన్న.

"తుకారామా? నీళ్లు, నీళ్లు అని నేను మొత్తుకుంటున్న. ఆయన సంచి తడుపుకొని మీ దిక్కు ఉరికిండు."

"ఏడున్నడు?"

"ఆలిని తీస్కొని పొద్దుగాలనే మంజీర దాటిండు. మల్ల రాడు."

"మేం కొట్టినమనా?" అన్నాడు లింబయ్య, నేల చూస్తూ.

దేవిదాస్ ఆశ్చర్యపోయాడు. "కొట్టిండ్రా? ఆ ముచ్చట నాకు చెప్పనే లేదు."

"మరెందుకు పోయిండు?"

"ఉండి ఏం జేస్తడు? ఈ ఏడు నా భూమి కౌలుకు పట్టింది ఆయననే. మీరు నిలవడ్డ బూడిదంత ఆయన చెరకు."