గట్టివా, మెత్తవా?

"ఉరికితె కంట్లకెల్లి ఊడిపడొద్దు. గసుంటివి కావాలె," అన్నాడు వచ్చినవాడు.

 చంద్రమౌళి కోరుట్లలో కళ్లద్దాల దుకాణం పెట్టి తొమ్మిదేళ్లయింది. హైదరాబాదులో పని నేర్చుకొచ్చి, కంట్లో పెట్టుకునే లెన్సులు కూడా అమర్చబడునని గొప్పగా బోర్డు రాయించాడు. ఆ బోర్డు చూసి ఇన్నేళ్లలో వచ్చింది ముగ్గురు పెళ్లికూతుళ్లు, చిరుతల రామాయణంలో సీత వేషం కట్టే ఒక మగాయన. వాళ్లెవరూ ఉరికే మాట ఎత్తలేదు.

వచ్చినవాడికి ముప్పై లోపే ఉంటాయి. ఎండకు కమిలిన మొహం, కాళ్లకు గుడ్డ బూట్లు. లోపలికి రాగానే వీధివైపు పరదా లాగేశాడు. పేరడిగితే పేరెందుకన్నాడు. ఏ ఊరంటే వీర్నపల్లి దిక్కు నుంచి వస్తున్నానని ఊరుకున్నాడు. వీర్నపల్లి దిక్కంటే అడవి. ఆ రోజుల్లో అడవి నుంచి పేరు లేకుండా వచ్చేదెవరో పాలు తాగే పిల్లకైనా తెలుసు. చంద్రమౌళికి తెలియదా!

ఇంట్లో భార్య జమున ముందు ఈయన పెద్ద పులి. అడవిలోని నక్సలైటు అన్నలొచ్చినా సరే, పోలీసులొచ్చినా సరే, మొహం మీదే అడిగేస్తానని పెళ్లాంతో రోజూ అనేవాడు. ఇప్పుడా పులికి స్టూలు మీద కుదురుగా కూర్చోవడం కూడా చేతకావడం లేదు.

ఎలాగో చూపు పరీక్ష చేశాడు. రెండు కళ్లకూ మైనస్ నాలుగు. అద్దాలు తీస్తే ఎదుట ఉన్నది మనిషో గుంజో తెలియని చూపు.

వచ్చినవాడు సంగతి దాచలేదు. పదిహేను రోజుల్లో గురి పరీక్ష ఉందట. కళ్లద్దాల సంగతి పైవాళ్లకు తెలిస్తే పక్కన కూర్చోబెడతారట. ఇన్నాళ్లూ జేబులో దాచుకుని నెట్టుకొచ్చాడట.

"నా బతుకే గీ పని. బయటపడ్డదంటే మంచిగుండది."

బయటపడదని చంద్రమౌళి మార్కండేయ స్వామి మీద ఒట్టేశాడు. అడక్కుండానే పెళ్లాం మీద, పిల్లల మీద కూడా వేశాడు.

ఇక ఏ రకం ఇవ్వాలి? గట్టి లెన్సులు ఇస్తే ఉరుకులాటలో ఊడిపడి ఆ గురి ఎవరి మీదికి పోతుందో తెలియదు. మెత్తవి ఇచ్చి కన్ను చెడితే ప్రజాకోర్టులో ముద్దాయి తనే. ఇచ్చాడని పోలీసులకు తెలిస్తే వాళ్ల మర్యాదలు వేరే. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో బోర్డు రాయించుకున్న బుద్ధిహీనుడు.

అయినా పని నేర్పిన గురువు గుర్తొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. గట్టివి ఏళ్ల తరబడి వస్తాయి, కడగడం సులువు. కానీ కంటికి అలవాటు కావడానికి నెల పడుతుంది, దుమ్ము దూరితే ప్రాణం పోయినంత పని. మెత్తవి కదలవు, గంటలో మరిచిపోవచ్చు. కానీ నీళ్లతో పాటు మురికినీ పీల్చుకుంటాయి, రోజూ మందునీళ్లలో కడిగి నానబెట్టాలి. గాలి ఆడే మూడో రకం కంటికి ఇంకా మేలు. అది పట్నం నుంచి రావడానికి నెల.

నెల ఆగడం కుదరదన్నాడతను. సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల దగ్గర పనైతే నూలు దుమ్ముకు మెత్తవి పడవని, చంద్రమౌళి అమాయకుడిలా అన్నాడు.

"దుమ్ములనే పని. పొగ గూడ ఉంటది. అడవిల మూడు దినాలు తియ్యకుంట పండుకుంటె?"

"కన్ను పుండయితదన్నా. పండుకునే ముందు తియ్యాల్సిందే. నిజం చెప్తున్న, మీ పనికి అద్దాలే మంచివి."

'అన్నా' అని నోరు జారింది. అవతలివాడు ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాడు చంద్రమౌళి.

మెత్తవే ఖాయమయ్యాయి. చంద్రమౌళి చేతి వణుకుకు మొదటిది కనుబొమకు అంటుకుంది, రెండోసారి ముక్కుకు. మూడోసారికి కంట్లో కూర్చుంది. రెండోదీ పెట్టాక అతను కళ్లార్పి, గోడ మీది అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడా చదివేశాడు. తర్వాత తిరిగి చంద్రమౌళిని నఖశిఖ పర్యంతం తీరిగ్గా చూశాడు.

ఆ చూపుకు చంద్రమౌళి నోటికి తాళం ఊడింది. డబ్బు వద్దన్నాడు. తాను మొదటి నుంచీ మీ మనిషినేనన్నాడు. పోయినేడు కథలాపూర్ మీదుగా అడవికి జ్వరం గోలీలు పంపింది తానేనన్నాడు. మొన్న జగిత్యాల బస్సు ఆపి తనిఖీ చేసిన పోలీసులను అమ్మనా బూతులు తిట్టానని చెప్పి, ఆ బూతులు కూడా వరసగా వినిపించాడు. అందులో సగం అబద్ధం. ఏ సగమో ఆ భయంలో ఆయనకే తెలియదు. చివరికి లేచి నిలబడి, పిడికిలెత్తి, లాల్ సలాం అన్నాడు.

అతను లెన్సుల డబ్బీ జేబులో వేసుకున్నాడు. ఎంతయిందో అంత బల్ల మీద పెట్టాడు. గాల్లోనే ఉండిపోయిన చంద్రమౌళి పిడికిలిని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"నా కండ్ల సంగతి నువ్వు మర్శిపో, నీ లాల్ సలాం సంగతి నేను మర్శిపోత, సోమారం సంది ఠాణాల కూసునే కొత్త ఎస్సైని నేనే."