షాడోస్ ఆపిన రాత్రి

మూడు నెలలుగా కంప్యూటర్ ఆటలో మరిది చేతిలో చిత్తుగా ఓడుతున్న వదిన, ఆ రాత్రి సెట్టింగ్స్‌లో షాడోస్ ఆపేసింది. తెర మీది బొమ్మ కడిగిన అద్దంలా తేటపడింది. చెట్లకీ, గోడలకీ, సైనికులకీ ఇక నీడల్లేవు.

వీధి మధ్యలో మాత్రం ఒక్క నీడ మిగిలింది. అది మెల్లగా చెయ్యెత్తి మేడ మీది నీళ్ల ట్యాంకు వైపు చూపించింది. వదిన అటే గురిపెట్టి పేల్చింది.

"చచ్చాను!" హెడ్‌ఫోన్లో మరిది కేక. "ట్యాంకు వెనక ఉన్నానని ఎలా కనిపెట్టావు వదినా?"

"నీడ చూపించిందిలే."

"షాడోస్ ఆపేశానన్నావుగా ఇందాక?"

"కుళ్లుకోకు! గెలిచాను, అంతే!"

వదిన రెండు చేతులూ పైకెత్తి కుర్చీలో గిర్రున తిరిగింది. టేబుల్ లైటు వెలుగులో, వెనక గోడ మీద ఖాళీ కుర్చీ నీడ ఒక్కటే తిరిగింది.